వ్రాసినవారు

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగ, జిరాక్సు షాపు మెట్ల కింద
ముప్పై ఏండ్లు కూసొని రాసిన.
"నా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతము లేకుండా"
ఎన్ని వేలసార్లు రాసిన్నో.
ఒక్కసారి గూడ నిజమా అని తలెత్తి చూడలే.

పుప్పాలగూడల ఎకరం పది గుంటలు.
పట్టాదారు బాలనర్సమ్మ, భర్త కీర్తిశేషులు.
ఆమె గూడ కీర్తిశేషురాలే,
ఆ సంగతి కాగితాలకింక తెల్వది.
చక్రపాణి తెల్లబూట్లేసుకొని వచ్చిండు,
వానాకాలం బురదల ఒక్క మరక పడకుండ నడిచే మనిషి.
"ముసలామె ఒక్కనాడు లేచొస్తే చాలు,
నీకు ముప్పై లక్షలు" అన్నడు.

మనుషులను లేపుడు నా పని గాదు.
నాది కాగితాన్ని ముసలిజేసే పని.
ఇరానీ చాయ్ డికాక్షన్ల తడిపి
యాదయ్య ఇస్త్రీపెట్టె కింద ఆరబెడితే
నిన్నటి కాగితానికి యాభై ఏండ్లొస్తయి.

లేచొచ్చినామె కృష్ణానగర్ నుంచి వచ్చింది.
పేరు హేమవర్ణ అన్నది. ఆధార్ల ఈశ్వరమ్మ.
పదకొండేండ్లల్ల ఆరు సినిమాలు:
పెండ్లిపందిట్ల మూడో వరుస,
దవాఖానల తెల్లగుడ్డ కింద శవం.
ముప్పైనాలుగేండ్ల మొహాన
కాటుక పెన్సిలుతోని డెబ్బై గీసుకొచ్చింది.
షట్టర్ సగం దించి లైట్లార్పినం.
జిరాక్సు మిషన్ మూత సందుకెళ్లి పచ్చటి వెలుగు
ఈ చెంప మీదికెళ్లి ఆ చెంపకు జారింది.
అసుంటి ముసలితనం నేనెన్నడు చూడలే.

సంచిలకెళ్లి నోటుబుక్కు తీసింది.
నిండ ఒకటే సంతకం.
ఎవరన్న ఆటోగ్రాఫు అడిగితే చెయ్యి తడబడొద్దని.
నేను నవ్విన.
"దొరక్క దొరికిన పెద్దవేషంల వేలిముద్రే పెట్టాలె బిడ్డా."
ఆమె నవ్వలే.
నా కలం తీసుకొని అటిటు తిప్పింది.
"మీ సంతకం మస్తుగుంది సార్. ఇంకోసారి పెట్టుండ్రి."
ముప్పై ఏండ్లల్ల ఎవరూ అడగలే.
పెట్టిన.
ఒకటి గాదు, పేజి నిండ.

సోమవారం. పదకొండున్నర.
కండ్లద్దాల మీదికెళ్లి అడిగిండు సబ్ రిజిస్ట్రార్,
"ఇష్టంతోనే అమ్ముతున్నవా అమ్మా?"
మేం నేర్పింది "అవు సారూ" వరకే.
ఆమె ఆగింది. కొంగు నోట్ల కుక్కుకుంది.
"మా ఆయన దున్నిన భూమి సారూ..."
గుమస్తా నీళ్లసీసా అందిచ్చిండు.
కొన్నాయన గూడ జేబురుమాలు తీసిండు.
చక్రపాణి మెడ మీద చెమట.
నేను మాత్రం, చెప్తే సిగ్గు,
చప్పట్లు కొట్టబోయి చేతులు నలుపుకున్న.

నా మోసం నాకుండె.
షెడ్యూల్ల ఒక హద్దు మెల్లగ జరిపిన:
"ఉత్తరం: చెరువు శిఖం."
ఆ రెండు మాటలు దిద్దిచ్చుకొనేటందుకు
చక్రపాణి మళ్ల నా మెట్ల కిందికే రావాలె,
నేనన్నంత ఇయ్యాలె.
నార్సింగిల పదమూడో అంతస్తు ఫ్లాటుకు
అడ్వాన్సు గూడ కట్టొచ్చిన.

చక్రపాణి మోసం చక్రపాణికుండె.
నాకిచ్చిన సంచిల పైవరుసనే నోట్లు.
కిందయన్నీ తెల్లకాగితాలు,
అవీ నా దగ్గర కొన్నయే, అరువు మీద.

గురువారం పొద్దున
ఇన్‌స్పెక్టర్ ఇంకో దస్తావేజు ముందట పరిచిండు.
అదే భూమి. అదే బాలనర్సమ్మ. అదే బొటనవేలు.
మాకంటే మూడొద్దుల ముందు, శుక్రవారం నాడు,
వేరే ఆఫీసుల, వేరే కొన్నాయనకు,
రొక్కం పూరాగ ముట్టినట్టు.
హద్దులు నాలుగూ సరిగ్గున్నయి.
కృష్ణానగర్ గదికి తాళం,
లోపట ఒక అద్దం, అరిగిన కాటుక పెన్సిలు.

కిందికి చూడు, అన్నడు.
వ్రాసినవారు అన్నకాడ నా పేరు.

"నీదేనా?"
వంగి చూసిన.
చివరి కొమ్ము కాడ నా చెయ్యెప్పుడూ వణుకుతది.
ఇక్కడ వణకలే.
కింది గీత,
నేను ముప్పై ఏండ్లు గియ్యాలనుకున్న గీత.

నానక్‌రాంగూడ దిక్కు బండ పేల్చిన చప్పుడు.
గ్లాసుల నీళ్లు కదిలి ఆగినయి.

"నాదే సార్" అన్న.
"ఇంకెవరికొస్తది గిట్ల?"